మసాలా ముందే నూరుకుని హార్జ్ అడవికి

జర్మనీలో విల్లుతో దుప్పిని కొట్టడం చట్టరీత్యా నేరం. ఈ ఒక్క ముక్క బయల్దేరే ముందే తెలిసి ఉంటే ఈ యాత్ర జరిగేది కాదు, మీకు ఈ నాలుగు పేజీలు చదివే శ్రమా ఉండేది కాదు. మాకు తెలిసింది మాత్రం బాణం ఎక్కుపెట్టాక. అది కూడా వెనకనుంచి ఒక ముసలావిడ చెప్తే.

మేము అంటే నేనూ, జోసెఫన్నా. ఆయనది నర్సాపురం, నాది ఖమ్మం. ఇద్దరికీ ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో ఒకే ఆఫీసు. వాళ్లింటి పై అంతస్తులో నా గది. భోజనం మాత్రం కింది అంతస్తులో. ఈ ఏర్పాటు అద్దె ఒప్పందంలో లేదు కానీ సుజాత వదిన ఒప్పుకుంది.

కథంతా వదిన ముక్కు దగ్గర మొదలైంది. మొదటి కరోనా శీతాకాలంలో అన్నకూ, వదినకూ, వాళ్ల ఐదేళ్ల పాప హెప్సీకీ, మెట్ల దారిలో పలకరించిన పాపానికి నాకూ వరసగా వచ్చింది. అందరికీ వచ్చినట్టే వచ్చి పోయింది. వదినకు మాత్రం పోతూ పోతూ ముక్కును కూడా పట్టుకుపోయింది. డాక్టరు నాలుగు చిన్న సీసాలు ఇచ్చాడు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. పొద్దునా సాయంత్రం వాసన చూస్తుంటే ముక్కుకు మళ్లీ గుర్తొస్తుందన్నాడు. వదిన ప్రార్థన మానినా సీసాలు మానలేదు. నెలలు గడిచాయి. నాలుగూ నీళ్ల సీసాలేనంది.

ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల తెలుగువాళ్లలో వదిన చేతి వంటకు ఎంత పేరంటే, పిలవకపోయినా జనం పలకరించడానికి వచ్చేవాళ్లు, సరిగ్గా పన్నెండున్నరకి. అలాంటి మనిషి ఇప్పుడు జ్ఞాపకంతో వండుతోంది. పోపు మాడినా తెలియదు. మేము మాడిన చారు జుర్రుకుని అదిరిందనేవాళ్లం. ఆవిడ మా మొహాలు చూసి ఊరుకునేది. ఆ తర్వాత వంటింటి తలుపు వేసుకుని వండడం మొదలుపెట్టింది.

ఒకరోజు మాటల్లో చిన్ననాటి సంగతి ఒకటి చెప్పింది. వాళ్ల నాన్నగారు మారేడుమిల్లి వైపు హాస్టల్ వార్డెన్‌గా చేశారు. పక్కింటివాళ్లు దుప్పి మాంసం పొయ్యి మీద పొగకు వేలాడదీసి ఆరబెట్టి, వానల్లో ఒక గిన్నెడు ఇచ్చేవాళ్లట. అది ఉడుకుతుంటే నాలుగిళ్ల అవతలికి తెలిసేదట. (వన్యప్రాణి చట్టం దృష్ట్యా అది మేక మాంసమని రాసుకుందాం.) "ఆ వాసన కూడా తెలీకపోతే ఇంక నా ముక్కు లేనట్టే" అంది.

వదిన ఏదో మాటవరసకు అంది. జోసెఫన్న అక్కడే లేచి నిలబడ్డాడు.

ముందు సూపర్ మార్కెట్‌లో గడ్డకట్టిన దుప్పి మాంసం కొనుక్కొచ్చాడు. ఎక్కడో న్యూజిలాండ్ నుంచి ఓడెక్కి వచ్చిందది. వదినకు సరే, మాకు కూడా దానిలో ఏ వాసనా తెలియలేదు. ఇది ఫారం దుప్పి, కంచె లోపల గడ్డి తిని బతికింది, అడవిలో తిరిగింది కావాలి అని తేల్చాడు. అన్న దగ్గర విల్లుంది. మొదటి లాక్‌డౌన్‌లో బ్యాడ్మింటన్ హాలు మూసేస్తే విసుగొచ్చి కొన్నాడు. కింద కెల్లర్‌లో, అంటే సామాన్లు పడేసుకునే నేలమాళిగలో, పాత పరుపు నిలబెట్టి దాని నడుమ పాల డబ్బా పెట్టి కొట్టేవాడు. ఒక్కటీ తప్పేది కాదు. పాల డబ్బా ఎటూ కదలదు కదా.

అమెరికా యూట్యూబ్‌లో గవర్నమెంటు అడవుల్లో విల్లుతో వేటాడే గడ్డపాయన ఒకడున్నాడు. అన్న అతని వీడియోలన్నీ చూశాడు. చూసినవాడు ఒక్క జర్మన్‌ను కూడా అడగలేదు. ఎందుకన్నా అంటే సిద్ధాంతం చెప్పాడు: ఈ దేశంలో ఎవర్ని ఏమడిగినా ముందు నైన్, కుదరదు, అంటారు, ఆ తర్వాత కారణం వెతుక్కుంటారు, కాబట్టి అడగకపోవడమే అనుమతి. నేనూ ఒక మాట అడిగానులెండి, అడవికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికిందా అని. "అడవికి టెర్మినేంట్రా. మనం కట్టే టాక్సుల అడవది" అన్నాడు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని సామెత. మా సోమలింగానికి అప్పటికే బారసాల కూడా అయిపోయింది. చర్చి గ్రూపులో దుప్పి భోజనానికి ఎనిమిది కుటుంబాలు పేర్లు ఇచ్చేశాయి. ఒకాయన కాళ్లు విడిగా కావాలన్నాడు. వదిన ధనియాలు, గసగసాలు, ఎండుమిర్చి వేయించి, ముద్ద నూరి డబ్బాలో పెట్టింది. మాంసం దొరికిన చోటే పట్టిస్తే బాగా పడుతుందని దాన్ని కూడా మాతో పంపింది. రెండో కరోనా ఏడాది, సెప్టెంబరు చివర, ఒక విల్లు, ఆరు బాణాలు, ఒక డబ్బా మసాలాతో మేము హార్జ్ కొండలకు బయల్దేరాం. పెళ్లికి కూడా అంత నమ్మకంతో ఎవరూ బయల్దేరరు.

రైల్లో పులిహోర

ఆ రోజుల్లో రైల్లో మాస్కు తీయకూడదు, తినేటప్పుడు తప్ప. ఈ నియమాన్ని జర్మన్లు ఎంత శ్రద్ధగా చదివారో చూడాలి. మా ఎదురు సీటాయన ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ప్రెట్సెల్, ముడేసినట్టుండే ఉప్పు రొట్టె, తీశాడు. గొట్టింగెన్ దాటాక కూడా అది అతని చేతిలోనే ఉంది, ఒక మూల కొద్దిగా అరిగి. టికెట్ చెకర్ వచ్చినప్పుడల్లా దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకునేవాడు. మనవాళ్లే చట్టానికి కన్నాలు వెతుకుతారని అనుకునేవాణ్ణి. ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

జోసెఫన్న ఆ దారిలో పోలేదు. నిజాయితీగా తిన్నాడు. వదిన కట్టిచ్చిన పులిహోర మాస్కు లేకుండా సగం జర్మనీ దాటించింది. అయిపోయాక, మాంసం కరక్కుండా తేవడానికి పట్టుకొచ్చిన చల్లసంచీ పైనుంచి దించి, మసాలా డబ్బా కారిందేమోనని మూత తీశాడు. రైలు పెట్టె మొత్తం ఒక్కసారి గుంటూరైంది. నాలుగు వరసల అవతలినుంచి ఒకావిడ లేచి వచ్చింది. తిట్టడానికనుకుని నేను కిటికీ బయటికి చూడడం మొదలుపెట్టాను. ఆవిడ మాస్కు గడ్డం కిందికి లాగి, కళ్లు మూసుకుని, నిండుగా ఒక్కసారి పీల్చి, థాంక్స్ చెప్పి, మాస్కు పైకి లాక్కుని వెళ్లి కూర్చుంది.

అన్న ఆ డబ్బా మూత బిగించాడు. "అందరికీ తెలుస్తోంది రా" అన్నాడు. నేను పులిహోర మిగిలిందా అని అడిగాను.

థాలెలో కిటికీలు

థాలె హార్జ్ కొండల పాదాన చిన్న ఊరు. ఇక్కడి మంత్రగత్తెలు ఏడాదికోసారి కొండమీద కూడి నాట్యం చేస్తారని నమ్మకం. అందుకని ప్రతి కొట్టు ముందూ చీపురు ఎక్కిన మంత్రగత్తె బొమ్మ వేలాడుతుంది. మన కొత్త ఇళ్ల ముందు దిష్టిబొమ్మ కడతారే, అలాగే. తేడా ఒక్కటే. మన దిష్టిబొమ్మను చూస్తే దిష్టి పోతుంది, వీళ్ల బొమ్మ ధర చూస్తే దిష్టి తగులుతుంది. పిడికిలంత బొమ్మకు పద్దెనిమిది యూరోలు.

మేము దిగిన పెన్షన్, అంటే చిన్న బస, దాని యజమానురాలు మా టీకా కోడ్లు ఫోన్లలో చూసి, పాస్‌పోర్టులతో పోల్చి, మొహాలతో పోల్చి, చివరికి గది తాళం ఇస్తూ ఒకే ఒక షరతు పెట్టింది. గంటకోసారి కిటికీలు బార్లా తీయాలి. కరోనా వచ్చాక జర్మన్లకు గాలి మీద పెరిగిన భక్తి అంతా ఇంతా కాదు. హార్జ్ చలిలో గంటకోసారి ఆ భక్తి మా ఎముకల్లోకి దిగింది.

పొద్దున ఫలహారంలో హార్జ్ చీజ్ పెట్టింది. పసుప్పచ్చగా, సబ్బు ముక్కలా ఉంటుంది. వాసన మాత్రం పండక్కి ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత తలుపు తీసిన బాచిలర్ గది. జోసెఫన్న మొహం వెలిగింది. మా ఎండునెత్తళ్లకు మేనమామ కొడుకు రా ఇది అని, వదినకు రెండు కిలోలు తీసుకుపోదామన్నాడు. తిరుగు ప్రయాణం రైల్లోనని గుర్తుచేసి ఆపాను. తోటి ప్రయాణికుల మీద నాకు అప్పటికింకా జాలి ఉండేది.

మంచె

ఆ మర్నాడు తెల్లవారుజామునే అడవిలోకి పోయాం. హార్జ్ అడవి అంటే పుస్తకాల్లో చదివిన పచ్చటి అడవి అనుకుని పోయాను. కొన్నేళ్ల కరువుకు బెరడు పురుగు తోడై స్ప్రూస్ చెట్లన్నీ నిలువునా చచ్చిపోయాయి. కొండకు కొండ బూడిద రంగులో, ఈనెలు పీకిన చీపుర్లు గుచ్చినట్టు ఉంది. జోసెఫన్నేమో ఆన్‌లైన్‌లో తెప్పించిన వేట దుస్తులు వేశాడు, ఒళ్లంతా అమెరికా ఓక్ ఆకుల అచ్చులతో. కనుచూపుమేరలో పచ్చగా ఉన్నది ఆయనొక్కడే. నాకున్నది ఎర్ర రెయిన్‌కోటు. దుప్పులకు ఎరుపు తెలియదని అన్న ధైర్యం చెప్పాడు.

కొంత దూరం పోయాక లోయలోనుంచి అరుపు వినిపించింది. దూడ తప్పిపోయిన గేదె అరిచినట్టు, ఆ గేదెకు జలుబు కూడా చేసినట్టు. అన్న చెయ్యి పైకెత్తి, పోతుదుప్పి జత కోసం పిలుస్తోందని గుసగుసగా చెప్పాడు. ఇంత మొరటుగా పిలిస్తే ఎవరొస్తారన్నాను. పెళ్లిచూపులకు పోయి వచ్చిన ప్రతిసారీ నీ గొంతూ ఇలాగే ఉంటుందన్నాడు.

కొంచెం పైన, ఖాళీ జాగా అంచున, కర్రలతో కట్టిన మంచె కనిపించింది. అచ్చం మా వైపు జొన్నచేల మంచె, దానికో చిన్న గది, పైకప్పు, కూర్చోవడానికి చాప. మన మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలతాం, వీళ్లు కూర్చుని పిలుస్తారన్నమాట. గవర్నమెంటువాళ్లు ఎంత చక్కగా కట్టించారో చూడు అని అన్న మురిసిపోతూ ఎక్కాడు. వెనకాలే నేనూ ఎక్కాను. మంచె మీద ఒక పేరు రాసి ఉంది. కాంట్రాక్టర్ పేరనుకున్నాం.

అన్న చిన్నగా ప్రార్థన చేశాడు. నాకు వినపడింది చివరి వాక్యమే. మగదైనా ఆడదైనా పర్వాలేదు ప్రభువా, ముదురుది కాకపోతే చాలు అన్నాడు.

బురద

వచ్చింది. నేను చూసిన దుప్పులన్నీ నెహ్రూ జూ పార్కులో పల్లీలు అడుక్కునేవి. ఇక్కడి ఎర్రదుప్పికి మచ్చల్లేవు. మన కణుజుకు దగ్గరి చుట్టం. తల మీద రెండు చెట్లు మోసుకుంటూ, పొగమంచులోనుంచి ఆ ఖాళీలోకి నడిచి వచ్చి నిలబడింది. ఊపిరి వదిలితే ఆవిరి కనిపిస్తోంది. నాకు జోకు తట్టలేదు. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మంచె మీదనుంచి బాణానికి దూరం ఎక్కువ. అన్న దిగి, పొట్ట మీద పాకడం మొదలుపెట్టాడు. పైనుంచి నాకు సినిమా బాల్కనీ టికెట్ దొరికినట్టయింది. దారి మధ్యలో నల్లటి బురదగుంట ఒకటుంది. అన్న చుట్టూ తిరిగి పోతాడనుకున్నా. ఏకలవ్యుడు చుట్టూ తిరుగుతాడా? నేరుగా దిగాడు. ఆ తర్వాత మాకు తెలిసిందేమిటంటే, జతకట్టే కాలంలో పోతుదుప్పులు అలాంటి గుంటల్లో దొర్లుతాయి, దొర్లేముందు అందులోనే మూత్రం పోస్తాయి, ఆడదుప్పులకు వాసన తెలియాలని. కొన్ని వారాలుగా ఊరి దుప్పులన్నీ కలిసి తయారుచేసిన అత్తరది. అన్న అందులో గడ్డం దాకా మునిగి అవతలి ఒడ్డున తేలాడు.

సరిగ్గా అప్పుడే నా మంచె కింద కుక్క తుమ్మింది.

వంగి చూస్తే, ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ, భుజాన తుపాకి, కాలి దగ్గర పొట్టికాళ్ల కుక్క. ఆవిడ నన్ను చూసింది. నా ఎర్ర కోటు చూసింది. అటు మోకాళ్ల మీద లేచి విల్లు సారిస్తున్న బురద మనిషిని చూసింది. నోటి మీద వేలుపెట్టుకోమని నాకు సైగ చేసి, చప్పుడు లేకుండా నాలుగడుగులు ముందుకు వేసి, పక్కింటావిడతో మాట్లాడినంత మామూలుగా జర్మన్‌లో అంది: "మీరు బాణం వదిలితే నేను పోలీసులకు చెప్పాలి. వదలకపోతే నవ్వుకుంటే సరిపోతుంది."

అన్న అల్లెతాడు చెవిదాకా లాగి ఉన్నాడు. తల తిప్పలేదు. "ఒరేయ్ వంశీ, ఆవిడేమంటోంది రా?"

"కొడితే కేసు, కొట్టకపోతే నవ్వు అంటోందన్నా. ఈ దేశంలో విల్లుతో వేట లేదట."

"కేసంటే?"

"బ్లూ కార్డు పోయి ఇండియా విమానం ఎక్కేంత."

దుప్పి అక్కడే ఉంది. పక్కకు తిరిగి నిలబడింది, పాల డబ్బా కంటే సులువుగా. లాగి పట్టుకున్న విల్లు ఎంత బరువుంటుందో నాకు తెలియదు. ఆయన మాత్రం చాలాసేపు పట్టుకున్నాడు.

"సుజాతకేం చెప్పను రా?" అన్నాడు. నన్ను అడిగాడో దుప్పిని అడిగాడో తెలియలేదు.

విల్లు మెల్లగా కిందికి దిగింది. దుప్పి మమ్మల్నందరినీ ఒకసారి పరికించి, భోజనానికి లేచిన తహసీల్దారులా, ఏ తొందరా లేకుండా చెట్లలోకి నడిచి వెళ్లిపోయింది.

ఆవిడ మాట తప్పలేదు. అన్న లేచి నిలబడి ఇటు తిరగ్గానే నవ్వడం మొదలుపెట్టి, తుపాకి కిందపెట్టి మరీ నవ్వింది.

ఫ్రావ్ హార్ట్‌మన్ ఫ్రీజర్

ఆవిడ పేరు ఫ్రావ్, అంటే శ్రీమతి, హార్ట్‌మన్. మంచె మీద రాసి ఉన్న పేరదే. పళ్ల డాక్టరుగా పనిచేసి రిటైరైంది. అడవి ప్రభుత్వానిదే కానీ ఆ ముక్కలో వేటాడే హక్కు ఏటా రుసుము కట్టి ఆవిడ తీసుకుంటుందట. ఇక్కడ అడవిలో ఎవరైనా నడవొచ్చు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. దుప్పి మీద చెయ్యి వెయ్యాలంటే మాత్రం నెలలపాటు చదివి పరీక్ష రాయాలి. మన ఊళ్లో అడవిలో కాలు పెడితే ఫారెస్టువాళ్లు పట్టుకుంటారు, పట్టుకున్నాక మాట్లాడుకోవచ్చు. ఇక్కడ ముందే మాట్లాడుకోవాలి. ఒక విధంగా ఇదే చవక.

మంచె ఎక్కినందుకు మాత్రం మాకు గట్టిగానే పడ్డాయి. వేరేవాళ్ల మంచె ఎక్కడం వేరేవాళ్ల మంచమెక్కినట్టేనట. అన్న చేతులు కట్టుకుని, బడిలో నిలబడినట్టు నిలబడి, తనకొచ్చిన జర్మన్ అంతా కూడగట్టి కారణం చెప్పుకున్నాడు. ఆ జర్మన్‌లో నాకర్థమైంది ఇంతే: నా భార్య, కరోనా, ముక్కు కపుట్ (పాడైపోయింది), చిన్నప్పుడు దుప్పి, దయచేసి. ఫ్రావ్ హార్ట్‌మన్ ముక్కు కపుట్ దగ్గర మళ్లీ నవ్వబోయింది. ఆయన మొహం చూసి ఆగింది. "కాఫీ కూడా తెలియదా?" అని అడిగింది. తెలియదన్నాం. తల ఊపి, కళ్లు తుడుచుకుని, నడవండి, నా ఫ్రీజర్ చూపిస్తానంది.

విషయమేమిటంటే కరోనాకు రెస్టారెంట్లు మూతపడి, రెండు సీజన్లుగా ఆవిడ మాంసం కొనే దిక్కు లేదు. వేట ముగిశాక అందరూ కూడి తినే విందులు కూడా రద్దు. దుప్పి మాంసం నిండి ఆవిడ ఐస్‌క్రీములకు చోటు లేకుండా పోయిందట. మేమేమో ఒక్క దుప్పి కోసం నాలుగు రైళ్లు మారి వచ్చాం.

కారులో నన్ను ముందు సీట్లో కూర్చోమంది. అన్నను మాత్రం వెనక తగిలించిన ట్రాలీలో, కుక్క పక్కన. ఆ కుక్క పుట్టిన దగ్గర్నుంచి అన్న కోసమే ఎదురుచూసినట్టు, దారి పొడుగునా ఆయన ఒడిలో దొర్లుతూ వచ్చింది. ఇంటి పెరట్లో ఆవిడ గొట్టంతో నీళ్లు కొట్టింది. బురద పోయింది. వాసన ఇల్లు దొరికినట్టు ఉండిపోయింది. మార్చుకోవడానికి అన్నకు వేరే ప్యాంటు లేదు, చల్లసంచీలో మసాలాకు చోటివ్వడానికి తీసి ఇంట్లో పెట్టి వచ్చాడు.

కాఫీ తాగుతూ వాళ్ల ఆచారం ఒకటి చెప్పింది. దుప్పి పడ్డాక దాని నోట్లో ఒక పచ్చని కొమ్మ పెడతారట, ఆఖరి ముద్దగా. వేటగాడు టోపీ తీసి కాసేపు నిలబడతాడట. మా వైపు మేక మీద ముందే నీళ్లు చల్లుతామని, అది ఒళ్లు విదిలిస్తే ఒప్పుకున్నట్టు లెక్కని నేను చెప్పాను. ఫ్రావ్ హార్ట్‌మన్ కాఫీ కప్పు కిందపెట్టి, చన్నీళ్లు పోస్తే ఎవరైనా విదిలిస్తారు కదా అంది. నేనూ అదే అనుకున్నాను కానీ ఖమ్మంలో ఎప్పుడూ పైకి అనలేదు.

మాంసం తూచింది. ఎముకతో ఉన్న భుజం, మెడ. కిలో తొమ్మిది యూరోలు. మా కథ విని కళ్లు తుడుచుకున్న మనిషే గనక కొంచెం తగ్గిస్తుందేమోనని చూశాను. కన్నీళ్లు వేరు, కిలో రేటు వేరు. చిల్లర సెంట్లతో సహా తిరిగిచ్చింది. ఆ తర్వాత లోపలికి వెళ్లి, ఇది పోయిన వారం పడింది, దీనికి డబ్బులొద్దు అంటూ ఒక గుండెకాయ కాగితంలో చుట్టి తెచ్చి అన్న చేతిలో పెట్టింది. అన్న టోపీ తీశాడు. అమెరికా ఓక్ ఆకుల టోపీ. అప్పుడు నేను బయట కుక్కతో ఆడుకోవడానికి వెళ్లాను.

తిరుగు రైలు

ఆ రోజుల్లో జర్మన్ రైళ్లలో మనిషికీ మనిషికీ మధ్య దూరం పాటించమని ప్రతి స్టేషన్‌లోనూ మైకులో చెప్పేవాళ్లు. మాకు ఆ అవసరం రాలేదు. ఎక్కిన ప్రతి పెట్టే కాసేపటికి మా ఇద్దరికే మిగిలింది. అందరికీ మందపాటి మాస్కులున్నాయి. అయినా కళ్లు చెప్తున్నాయి. ఒక విద్యార్థి నేల చూశాడు, సీటు కింద చూశాడు, తన బూట్లు వాసన చూసుకున్నాడు, చివరికి తనదే తప్పేమో అన్నట్టు మొహం పెట్టి దిగిపోయాడు. అన్న వాణ్ణి పిలిచి క్షమాపణ చెప్పబోతే నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

చర్చి గ్రూపులో దుప్పి పడిందా అని ఎనిమిది కుటుంబాలూ అడుగుతున్నాయి. అన్న ఫోను తిరగేసి పెట్టాడు. మాంసం ఉంది కదన్నా, కొట్టామని చెబుదాం, ఎవరు చూడొచ్చారన్నాను. "వాళ్లకేం చెప్పినా పర్లేదు రా. సుజాత ముక్కుకి అబద్ధం చెప్పలేం కదా" అన్నాడు.

ఎష్‌బోర్న్

వదిన కారుతో స్టేషన్‌కి వచ్చింది. వెనక సీట్లో హెప్సీ. పొద్దుట్నుంచి మా నీడ పడ్డచోట ఎవరూ నిలవలేదు. వదిన నేరుగా వచ్చి అన్న కాలరు పట్టుకుని, ఎండిన బురద పెళ్లలు గిల్లి పడేస్తూ, ఎంత చిక్కిపోయారండీ అంది. రెండు మూడు రోజుల్లో చిక్కేదేముంటుంది? అన్న బిగుసుకుపోయి నిలబడ్డాడు. వదిన ఆయన భుజానికి తల ఆనించింది. అక్కడే ఉంచింది. మొహంలో ఏ మార్పూ లేదు.

అన్న నా వైపు చూశాడు. మూడు రాష్ట్రాల జనాన్ని రైళ్లు దింపిన వాసనది. ఇది తెలియని ముక్కుకు చల్లసంచీలో ఉన్నది తెలుస్తుందా? ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

కారెక్కాం. హెప్సీ రెండు చేతులతో ముక్కు మూసుకుంది. "పాపా ష్టింక్ట్" అని ప్రకటించింది. నాన్న కంపు కొడుతున్నాడని. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, నిజాలు మాత్రం జర్మన్‌లోనే చెప్తుంది.

వదిన తాళం తిప్పబోయి ఆగింది. "అవునా వంశీ?"

కొంచెం వదినా, అన్నాను.

"కొంచెం కాదు సుజాతా" అన్నాడు అన్న. "చాలా."

వదిన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. "మరి నాకెవరూ చెప్పరే" అంది. "పోపు మాడితే చెప్పరు. ఇదీ చెప్పరు. ముక్కు పోతే పోయింది, మీ నోళ్లకేమైంది?"

ఇంటికి వెళ్లేదాకా ఎవరూ అద్దం దించలేదు.

మర్నాడు మాంసం పొయ్యెక్కింది. చాలా నెలల తర్వాత వదిన వంటింటి తలుపు తీసిపెట్టి, మమ్మల్ని ముగ్గుర్నీ లోపల నిలబెట్టింది. ఉల్లిపాయ వేగాక అల్లం వెల్లుల్లి వేసి, పచ్చివాసన పోయిందా అని అడిగింది. పోయిందన్నాను. లేదు రా, ఇంకా ఉందన్నాడు అన్న. నోఖ్ నిష్ట్, ఇంకా లేదు, అంది హెప్సీ కుర్చీ ఎక్కి గిన్నె మీదికి వంగి. "మూడు ముక్కులున్నాయి, ఒక్క మాట మీద ఉండరా?" అని వదిన గరిటె ఎత్తింది. మూడోసారికి ముగ్గురం ఒప్పుకున్నాం. అప్పుడు మసాలా వేసింది.

ఉడుకుతుంటే మెట్ల దారి దాకా తెలిసింది. వాళ్లకి ఇంకా కింద ఉండే ముసలాయన తలుపు తీసి చూశాడు. వదిన గిన్నె మీదికి వంగి, కళ్లు మూసుకుని, చాలాసేపు ఉంది. మేము ఆవిడ మొహమే చూస్తున్నాం. కళ్లు తెరిచి తల అడ్డంగా ఊపింది.

కంచాల్లో వడ్డించింది. తను కూడా పెట్టుకుని ఒక ముక్క నమిలింది. మెత్తగా ఉడికింది, నార కట్టలేదు, అంది. ఇంకో ముక్క వేసుకుంది. తర్వాత అన్న వైపు తిరిగి కూర్చుంది.

"ఎలా ఉందో చెప్పండి. మెల్లగా చెప్పండి. పొగ వాసన ఉందా?"

అన్న ముద్ద కిందపెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. పొగతో మొదలుపెట్టి, అక్కడినుంచి తడి ఆకుల్లోకి, పొగమంచులోకి, ఆయనెప్పుడూ చూడని మారేడుమిల్లి వానలోకి వెళ్లాడు. వదిన కళ్లు మూసుకుని వింటూ మధ్యమధ్య అవునంటోంది. చాలా అతిశయోక్తులున్నాయి. ఉండనిచ్చాను.